మూతలేని డ్రమ్ము

జంగారెడ్డిగూడెం నుంచి సముద్రం నూరు కిలోమీటర్లకు పైమాటే. మెట్ట దిగి, తాడేపల్లిగూడెం, భీమవరం దాటి, మొగల్తూరు మీదుగా పేరుపాలెం చేరితే గానీ ఉప్పుగాలి మొహానికి తగలదు. అలాంటి ఊళ్ళో ఈమధ్య కొందరు కుర్రాళ్ళు హాల్లో గాజుతొట్టి పెట్టి, అందులో క్లౌన్ చేపల్నీ మెత్త పగడాల్నీ పెంచుతున్నారు. పెంచనివ్వండి, నాకు సంతోషమే. నాకూ ఆ పిచ్చి పాతదే. నా బాధంతా తొట్టి గురించి కాదు, మెట్లకింద పెట్టే రెండు డ్రమ్ముల గురించి. ఒకదాంట్లో శుద్ధిచేసిన మంచినీళ్ళుంటాయి, రెండోదాంట్లో ఉప్పు కలిపిన నీళ్ళు. ఏ ఇంటికెళ్ళినా తొట్టి మీది లైటు చూపిస్తారు, పంపు చూపిస్తారు, ఫోనులో గ్రాఫులు చూపిస్తారు. డ్రమ్ములు చూపించమంటే మాట మారుస్తారు. వెళ్ళి చూస్తే వాటికి మూత ఉండదు.

“మూత లేకపోతే ఏమైంది మాస్టారూ, నీళ్ళేగా” అన్నాడు ఒకబ్బాయి.

నీళ్ళే కాబట్టేరా అబ్బాయ్ అన్నాను. లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే సున్నా చూపించే నీళ్ళవి. అంటే వాటిలో సున్నం లేదు, ఉప్పు లేదు, ఏదీ లేదు. ఏది పడినా ఇక అదే వాటిలో ఉన్న సరుకు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసి వాటి పీహెచ్ ఆరుకి కిందకి దిగిపోతుంది. అది పెద్ద ప్రమాదం కాదు, ఉప్పు కలిపితే సర్దుకుంటుంది. ప్రమాదమల్లా పక్కనున్న ప్లగ్గులో వెలిగే దోమలమందు. అందులో ఉండే పైరిథ్రాయిడ్లు మనిషికి పెద్దగా అపకారం చెయ్యకపోవచ్చు గానీ చేపలకీ రొయ్యజాతి ప్రాణులకీ పచ్చి విషం. దానికి తోడు ఫినాయిలు తుంపర, అగరొత్తి పొగ, పోపు వేసినప్పుడు లేచే నూనె ఆవిరి. ఇవన్నీ మూతలేని డ్రమ్ములోకే చేరతాయి. ఇక డెంగీ మోసే దోమకి కావలసింది మురుగ్గుంట కాదు, ఇలా కదలకుండా ఉండే తేటనీళ్ళే. మందు పెట్టింది దోమల కోసం, ఆ దోమలు పుడుతున్నది ఆ మందు పక్కనున్న డ్రమ్ములోనే!

మా రోజుల్లో నీళ్ళు నిలవ చెయ్యడం ఇంటిల్లిపాదికీ తెలిసిన పని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చెయ్యకపోతే గడిచేది కాదు, అంతే.

మా అమ్మమ్మగారిది భీమవరం పక్క పల్లె. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు గనక ఆ ఊళ్ళకి కాలవ నీరే ఆధారం. అయితే ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. కట్టేసే లోపల ఊరి మంచినీళ్ళ చెరువు గట్టు తన్నేలా నింపుకోవాలి. మళ్ళీ కాలవ వదిలేదాకా ఊరందరి గొంతులూ ఆ చెరువు మీదే ఆధారపడాలి. అందుకని ఆ చెరువులో గేదె దిగకూడదు, బట్ట ఉతక్కూడదు, కాళ్ళు కడుక్కోకూడదు. కాపలా మనిషిని పెట్టేవారు. బిందె ముంచేచోట రాతిపలక ఉండేది, దాని మీద నిలబడే ముంచాలి, నీళ్ళలో అడుగుపెట్టకూడదు. పెద్దింటి మనిషైనా సరే, కాలు పెడితే ఊరు ఊరుకునేది కాదు.

ఇంట్లో మళ్ళీ వేరే చట్టం. వాడకం నీళ్ళకి దొడ్లో గోలెం, తాగే నీళ్ళకి వంటింటి మూల కుండ, మడినీళ్ళకి ఎవరి చెయ్యీ తగలని రాగి బిందె. కుండలో ముంచే గరిటె వేరు, తాగే చెంబు వేరు. చెంబు కుండలో ముంచిన పిల్లాడి వీపు చిట్లిపోయేది. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి ఎర్రనీరు కాలవల్లోకి వచ్చాక, కుండ లోపలి గోడకి చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోసి కలిపి వదిలేసేవారు. ఆ గింజలోని పదార్థం మట్టిరేణువుల్ని ఒకదానికొకటి అంటించి బరువెక్కించి అడుక్కి దించేస్తుంది. తెల్లారేసరికి పైన తేట, అడుగున వేలెడు మందం ఎర్రటి బురద. పైతేట వంచేటప్పుడు మా అమ్మమ్మ ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. కుండ కదిలితే మళ్ళీ రాత్రిదాకా ఆగాలి మరి. అడుగునున్న ఆ నాలుగు వేళ్ళ నీళ్ళ మీద ఎవరూ ఆశ పెట్టుకునేవారు కాదు, బచ్చలి పాదులో పోసేసేవారు.

మా మెట్టలో కాలవలు లేవు. ఎర్రకాలవ ఉన్నా అది వానాకాలపు వాగే. నుయ్యి, తర్వాత బోరు. తోడిందాన్ని జాగ్రత్తగా దాచుకోవడమే ఇక్కడా పద్ధతి. ఇప్పుడో? ఇరవై లీటర్ల టిన్ను గుమ్మంలోకి వస్తుంది. ఆ టిన్నుని ఎప్పుడు కడిగారో అడిగే దిక్కు లేదు. మేడమీద నల్లటాంకు కట్టించినవాళ్ళు దాని మూత తీసి లోపల ఒకసారి చూసినట్టు లేరు. ఆ అలవాటు పోయిన ఇళ్ళలోంచే ఈ కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళని అని లాభం లేదు, కానీ అనకుండా ఉండలేను. పగడం మాట్లాడదు. ముడుచుకుంటుంది, రంగు వదిలేస్తుంది, చచ్చిపోతుంది.

సముద్రపు తొట్టి మేం మొదలుపెట్టినప్పుడు ఉప్పు సంచుల్లో దొరికేది కాదు. నీళ్ళు సముద్రం నుంచే రావాలి. ఎప్పుడంటే అప్పుడు వెళ్ళి పట్టుకొచ్చే నీళ్ళు కావవి. పేరుపాలెం రేవు వశిష్ఠ గోదావరి కలిసే అంతర్వేదికి దగ్గర. వరదల కాలంలో గోదావరి మోసుకొచ్చే మంచినీరు ఒడ్డు పొడుగునా పరుచుకుంటుంది. ఆశ్వయుజ కార్తీకాల్లో ఆ తీరంలో నీళ్ళు నోట్లో పోసుకుంటేనే చప్పదనం తెలిసేది. బంగాళాఖాతం పడమటి ఒడ్డంతా ఆ నెలల్లో ఉప్పు తగ్గి ఉంటుంది, గోదావరి, మహానది, గంగ అన్నీ అందులోనే కదా పడేది. అందుకని సంక్రాంతి వెళ్ళాక, మాఘం నుంచి వైశాఖం దాకా మాత్రమే నీళ్ళు పట్టేవాళ్ళం. అదీ ఒడ్డున కెరటం విరిగేచోట బురదనీళ్ళు కాదు. వేటకెళ్ళే పడవవాళ్ళని బతిమాలి, పోటు మీదున్నప్పుడు కాస్త లోపలికి వెళ్ళి ముంచుకునేవాళ్ళం. డబ్బాలు కొత్తవి. నూనె పోసినవీ కిరసనాయిలు పోసినవీ ఎంత తోమినా పనికిరావు.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలయ్యేది. పాత పంచె నాలుగు మడతలేసి వడకట్టడం, సిమెంటు వాసన పూర్తిగా పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టిన తొట్టెలో పొయ్యడం, పైన చెక్కమూత, దాని మీద గోనెపట్టా. కిటికీలు మూసిన చీకటి గది. మూడు వారాలు దాన్ని ముట్టుకోకూడదు. ఎందుకంటే సముద్రపు నీళ్ళంటే ఉత్త ఉప్పునీళ్ళు కావు, కంటికి కనపడని ప్రాణులు కోట్ల కొద్దీ ఉంటాయి. డబ్బాలో ఎక్కించిన దగ్గర్నుంచీ అవి చావడం మొదలుపెడతాయి. మూడోరోజో నాలుగోరోజో మూత ఎత్తితే కుళ్ళుకంపు కొట్టేది. ఆ కంపు చూసి భయపడి పారబోసినవాళ్ళున్నారు. ఆగాలి. చచ్చినవాటిని సూక్ష్మజీవులు తినేసి, తిండి అయిపోయాక అవీ తగ్గిపోయి, మిగిలిన మడ్డి అడుక్కి దిగిపోతుంది. వెలుతురు తగలకపోతే నాచు పట్టదు. వారాలు గడిచాక మూత తీస్తే ఏ వాసనా ఉండదు, అడుగున నలకపడినా కనిపిస్తుంది. అప్పుడు సన్నటి గొట్టంతో పైనుంచి లాగడం. గొట్టం కొస అడుక్కి ఆనకుండా వెదురుపుల్లకి కట్టి, పుల్ల అడుగుకి ఆనించేవాళ్ళం, కొస మాత్రం జానెడు పైన ఉండేది. అడుగు నీళ్ళు వదిలెయ్యడమే. మా అమ్మమ్మ కుండ దగ్గర నేర్చుకున్నదే అది. తర్వాత ఒక పగలూ రాత్రీ గాలి పంపు పెట్టి, గాజు హైడ్రోమీటరు వేసి చూసుకోవడం. ఆ హైడ్రోమీటర్లు చలిదేశాల లెక్కకి చేసినవి, పదిహేను డిగ్రీల చన్నీళ్ళకి సరిపోతాయి. మా వేసవిలో ముప్ఫై డిగ్రీల నీళ్ళలో పెడితే నాలుగు గీతలు తక్కువ చూపించేవి. ఆ తేడా సరిచేసే పట్టీ గోడకి అంటించి ఉండేది. పట్టీ చూడకుండా ఉప్పు తక్కువైందనుకుని ఇంకాస్త కలిపితే చేపల ప్రాణం మీదికి వచ్చేది.

సముద్రానికి దూరంగా ఉండి సముద్రపు తొట్టి పెట్టుకోవడం మనకొక్కళ్ళకే వచ్చిన తిప్పలు కాదు. లండన్ జూలో 1853లో చేపలశాల తెరిచినప్పుడు సముద్రపు నీళ్ళు బండ్ల మీదా రైళ్ళ మీదా తెప్పించుకోవలసి వచ్చింది. ఆ ఖర్చు చూసే ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు లవణాలు తూచి కలిపి కృత్రిమ సముద్రజలం తయారుచేశాడు. మనవైపు 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున పెట్టిన అక్వేరియానికి ఆ దిగులు ఉండేది కాదు, ఇవాళ విశాఖ బీచిరోడ్డులో ఉన్న మత్స్యదర్శినికీ లేదు, సముద్రం ఎదురుగానే కదా. జంగారెడ్డిగూడెంవాడికే ఆ దిగులు ఉండేది.

ఇప్పుడు ఆ దిగులూ తీరింది. 1872 నుంచి 1876 దాకా చాలెంజర్ అనే ఓడ ప్రపంచమంతా తిరిగి తెచ్చిన నీళ్ళని విలియం డిట్మార్ పరీక్షించి, 1884లో ఒక సంగతి గట్టిగా తేల్చాడు. ఏ సముద్రమైనా ఉప్పదనం ఎక్కువో తక్కువో ఉండొచ్చు గానీ, అందులో సోడియం, క్లోరైడు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియంల పాళ్ళు ఒకదానితో ఒకటి పోలిస్తే మారవు. ఆ పాళ్ళ లెక్కతోనే కదా ఇప్పుడు ఉప్పు సంచుల్లో కట్టి అమ్ముతున్నారు. కొరియర్లో వస్తోంది, బాగానే ఉంది. మూడు వారాల చీకటి గది అక్కర్లేదు, రోగం రాదు, గోదావరి వరదతో పనిలేదు. పాతదే మంచిదని నేననను. కొత్తది మంచిదే. దాన్ని వాడే చేతికి ఓపిక లేదంటున్నాను.

ఉప్పుతోనే మొదలుపెడతాను. “ఉప్పే కదా మాస్టారూ, నౌపడా కళ్ళుప్పు కిలో ఎంతని, ఈ సంచికి వేలు ఎందుకు పొయ్యాలి” అని అడిగిన మహానుభావులున్నారు. చినగంజాం వెళ్ళినా నౌపడా వెళ్ళినా ఉప్పుమడి దగ్గర ఒకపూట నిలబడి చూస్తే జవాబు దొరుకుతుంది. సముద్రపు నీళ్ళు మడిలోకి పెట్టి ఎండకి ఇగరబెడితే ముందు సున్నం, ఆపైన జిప్సం కిందకి దిగుతాయి. నీళ్ళు పదోవంతుకి వచ్చాక ఉప్పు గింజకడుతుంది. అది లాగేశాక మడిలో మిగిలే చేదునీళ్ళని బయటికి వదిలేస్తారు. మెగ్నీషియమూ పొటాషియమూ ఆ చేదునీళ్ళలోనే పోతాయి. కూరలోకి ఆ చేదు పనికిరాదు కాబట్టి ఉప్పు చేసేవాళ్ళు చేసేది సరైన పనే. కానీ పగడానికి ఆ పోయినవే కావాలి. లీటరు సముద్రపు నీళ్ళలో నాలుగువందల మిల్లీగ్రాముల చొప్పున కాల్షియమూ పొటాషియమూ, పదమూడు వందల దాకా మెగ్నీషియమూ ఉంటాయి. భీమవరం రొయ్యల రైతునడగండి, చెబుతాడు. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఉప్పు తక్కువున్న చెరువుల్లో దాన్ని పెంచుతూ పొటాషియం, మెగ్నీషియం సంచులు ఎందుకు పోస్తున్నాడో వాడికి నోటికి వచ్చు. చెరువులో తెలిసిన సంగతి తొట్టి దగ్గర తెలియకపోతే ఎలా?

ఇక మంచినీళ్ళు. మా బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర గోరుతో గీకితే రేకుల్లా లేస్తుంది. ఆ నీళ్ళలో ఉప్పు కలిపితే, ఉప్పుసంచి చేసినవాడు తూచి వేసిన లెక్కంతా తప్పుతుంది. అందుకే ఆర్వో కావాలి. ఆర్వోలో నీళ్ళని వడకట్టే పొరని 1959 ప్రాంతంలో అమెరికాలో సిడ్నీ లోబ్‌తో కలిసి పనికొచ్చేలా తయారుచేసింది మనదేశపు శ్రీనివాస సౌరిరాజన్. అంత గొప్ప వస్తువు ఇవాళ ప్రతి వంటింటి గోడకీ వేలాడుతోంది. అయితే వంటింటి మెషీను మనుషుల కోసం చేసింది. తాగడానికి రుచి ఉండాలని, పొరలోంచి వడకట్టిన నీళ్ళలో పచ్చినీళ్ళు కొంచెం కలిపే మరచుట్టు ఒకటి ఉంటుంది. ఖనిజాలు కలిపే గొట్టం ఇంకొకటి. పైగా ఈమధ్య రాగి గొట్టం కూడా బిగిస్తున్నారు, ఆరోగ్యమని. రాగి బిందెలో నీళ్ళు మా అమ్మమ్మా తాగింది, నేనూ తాగాను. కానీ పగడానికీ రొయ్యకీ నత్తకీ అణువంత రాగి చాలు, ప్రాణం తీస్తుంది. చేపలకొచ్చే చర్మరోగానికి రాగిమందు వాడేవాళ్ళు కూడా దాన్ని వేరే తొట్లోనే వాడతారు. ఒకింట్లో డ్రమ్ము కొత్తది, ఆర్వో వేరేగా కొన్నది, అంతా సవ్యంగానే ఉంది, నత్తలు మాత్రం బతకవు. డ్రమ్ముకి అడుగున పెట్టిన కుళాయి చూశాను. ఇత్తడిది. ఇత్తడిలో సగానికి పైగా రాగే. ఏమీ లేని నీళ్ళు లోహాన్ని ఊరికే వదలవు, రోజుల తరబడి ఆనుకుని ఉంటే కొరుక్కుతింటాయి. ప్లాస్టిక్ కుళాయి ఖరీదు ఎంత?

డ్రమ్ము సంగతీ అంతే. సంతల్లో నీలం డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి. అవి ఎక్కడెక్కడినుంచో వస్తాయి, ఏ యాసిడ్ మోశాయో, తోటలకి కొట్టే ఏ పురుగుమందు మోశాయో అడిగితే అమ్మేవాడు చెప్పడు. ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుంది, ఎంత కడిగినా తర్వాత నెమ్మదిగా వదులుతుంది. కొత్తది కొనండి, తిండిపదార్థాలకని చేసినది, అడుగున త్రికోణంలో రెండు అంకె ఉన్నది. వెలుతురు దూరనిది. మూత బిగుసుకునేది. ఇంతకంటే పెద్ద రహస్యమేం లేదు.

ఆర్వో ఆన్ చేసిన మొదటి నిమిషాల నీళ్ళు ఎప్పుడూ దొడ్డిలోకి పోవాలి. మెషీను ఆగి ఉన్నప్పుడు పొరకి అటువైపున్న లవణాలు నెమ్మదిగా ఇటు దాటతాయి. డ్రమ్ములో బంతి కుళాయి పెట్టేసి హాయిగా నిద్రపోతున్నారు ఇప్పుడు. నీటిమట్టం అంగుళం తగ్గినప్పుడల్లా మెషీను ఆన్ అవుతుంది, ఆగుతుంది, ప్రతిసారీ ఆ చెడ్డనీళ్ళే ముందు వస్తాయి. వెనకాల, పొర దాటిన లవణాల్ని పట్టుకునే డీఐ రెజిన్ ఊరికే అయిపోతుంది. అయిపోయిన రెజిన్ ఊరుకోదు, అంతకుముందు పట్టుకున్న సిలికాని మళ్ళీ వదిలేస్తుంది. వదిలిన సిలికా తొట్టి గాజు మీద గోధుమరంగు పొర అవుతుంది. వారానికోసారి దగ్గర కూర్చుని డ్రమ్ము నిండా ఒకేసారి పట్టుకోండి. మొదలెట్టేటప్పుడు ఒకసారి, నిండాక ఒకసారి టీడీఎస్ మీటరు ముంచి చూడండి. మంచినీళ్ళ చెరువుకి కాపలా మనిషిని పెట్టిన నేల ఇది, ఒక్క డ్రమ్ముకి ఒక్క గంట కాపలా కాయలేమా?

ఆర్వో పారబోసే నీళ్ళు పట్టే నీళ్ళకి మూడింతలు. బోర్లు ఎండిపోయే మెట్టలో ఆ నీళ్ళు డ్రైనేజీలోకి వదిలేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బకెట్లో పట్టండి. ఇల్లు తుడవడానికీ బండి కడగడానికీ చక్కగా పనికొస్తాయి.

ఉప్పు కలిపేటప్పుడు నీళ్ళు ముందు, ఉప్పు తర్వాత. డ్రమ్ములో ఉప్పు గుమ్మరించి పైన నీళ్ళు వదిలితే మొదటి నిమిషాల్లో అడుగున చిక్కటి పులుసవుతుంది, అందులో కాల్షియమూ కార్బొనేటూ కలిసి సున్నమైపోతాయి. ఇక అవి కరగవు. వంద లీటర్లకి మూడున్నర నుంచి నాలుగు కిలోల మధ్య పడుతుంది, సంచి మీద రాసి ఉంటుంది. పంపు తిరుగుతుండగా కొంచెం కొంచెం చల్లుతూ వెయ్యాలి. పాలలా తెల్లబడి, తర్వాత తేరుకుంటుంది. తేరుకున్నాక, చల్లారాక రిఫ్రాక్టోమీటరుతో కొలవాలి, వెయ్యికి ముప్ఫై అయిదు పాళ్ళు. ఆ మీటరునైనా సున్నా నీళ్ళతో కాకుండా ముప్ఫై అయిదు పాళ్ళ ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోవాలి. శ్రావణమాసంలో సంచి మూతి కట్టకుండా వదిలేస్తే ఉప్పు చెమ్మపట్టి గడ్డకడుతుంది. ఆ గడ్డని చేత్తో విరిస్తే లోపల తెల్లటి సుద్దగింజలు కనిపిస్తాయి, ఎంత తిప్పినా డ్రమ్ము అడుగున ఇసకలా మిగులుతాయి. అప్పటికే సగం పాళ్ళు చెడ్డాయన్నమాట. ప్రయాణంలో సంచి అదిరి బరువైన గింజలు అడుక్కి దిగుతాయి గనక, తెరిచే ముందు సంచిని అటూ ఇటూ దొర్లించడం కూడా ఎవరూ చెయ్యడంలేదు.

కలిపిన నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి అని అడుగుతారు. మూత ఉంటే వారాలుంటాయి. వేడిచేసే కడ్డీ పెట్టి, పెద్ద పంపు రాత్రింబవళ్ళు తిప్పుతూ కూర్చుంటే కడ్డీ మీదా పంపు రెక్క మీదా తెల్లటి పెంకు కడుతుంది. ఆ పెంకు మీ కాల్షియమే. మెల్లగా కదిలే చిన్న పంపు చాలు. మూత లేకపోతే మా మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండకి మెట్లకింద కూడా రోజుకింత ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఎక్కడికీ పోదు. ఆదివారం ముప్ఫై అయిదు ఉన్నది పై ఆదివారానికి ముప్ఫై ఏడో ముప్ఫై ఎనిమిదో అవుతుంది. తొట్లోనూ అదే లెక్క. రోజూ తగ్గినంత మంచినీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు. రెండు డ్రమ్ములెందుకని అడిగేవాళ్ళకి ఇదే సమాధానం. ఆ రెండింటికీ ఒకే రంగు, ఒకే సైజు, పైన పేరు లేదు, తేదీ లేదు! ఇంట్లో ఆయన ఊరెళ్తే పాపం ఇల్లాలు ఏ డ్రమ్ములోంచి తోడాలి? మా ఇంట్లో మడిబిందె మీద ఏమీ రాసి ఉండేది కాదు నిజమే, కానీ అయిదేళ్ళ పిల్లకి కూడా ఏ బిందె ఏదో తెలుసు. తెలియనిచోట రాసి పెట్టాలి. కలిపిన తేదీ, ఉప్పు ఎంత, కొలిస్తే ఎంత. ఒక బలపం ముక్క చాలు.

రాతి పగడాల గురించి ఒక్కమాట. అవి 2001 నుంచి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఎవడో రహస్యంగా తెచ్చిస్తానంటాడు. వద్దు. మెత్త పగడాలతోనే తొట్టి కళకళలాడుతుంది.

చివరికి మిగిలేది తొట్లోంచి తీసిన పాతనీళ్ళు. డాబామీద నుంచి గొట్టం పెట్టి దొడ్లోకో పక్క పొలం గట్టుకో వదిలేస్తున్నారు. ఈ పని మాత్రం మా ఊళ్ళో చెయ్యకూడదు. జంగారెడ్డిగూడెం చుట్టూ ఉన్నవి తేలిక నేలలు, వర్జీనియా పొగాకు నేలలు. ఆకులో క్లోరైడు ఎక్కువైతే అది సరిగా కాలదు, వేలంలో ధర పలకదు. అందుకే మా పొగాకు రైతులు బోరు వేస్తే ముందు నీళ్ళలో క్లోరైడు ఎంతుందో పరీక్ష చేయించుకునేవారు. రాజమండ్రిలో 1947లో పెట్టిన పొగాకు పరిశోధన కేంద్రం ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చిన జాగ్రత్త అది. సముద్రపు నీళ్ళలో లీటరుకి పంతొమ్మిది గ్రాముల క్లోరైడు ఉంటుంది. వారంవారం వంద లీటర్లు మారుస్తున్నారంటే దాదాపు రెండు కిలోల క్లోరైడు పక్కవాడి చేలోకి పంపుతున్నట్టు. నిమ్మచెట్టూ తట్టుకోదు, కరివేపాకూ తట్టుకోదు. ఆ నీళ్ళు మరుగుదొడ్డిలో పోసి వాడుకోండి, లేదా సిమెంటు గచ్చుమీద పరిచి ఎండబెట్టి, మిగిలిన ఉప్పు ఊడ్చి ఎత్తెయ్యండి. పొలం గట్టు వైపు గొట్టం పెట్టిన ఇల్లు మా వీధిలోనే ఒకటుంది. ఆ అబ్బాయికి రెండుసార్లు చెప్పాను, ఈ వారం మళ్ళీ వెళ్ళి చెబుతాను.